ఆత్మరక్షణకు తుపాకీ లైసెన్స్: ఆదివాసీ అడిగితే చట్టం ఏమంటుంది? 1878 నుంచి ఇప్పటిదాకా ఒక చరిత్ర



ఈసారి పోస్టు కాస్త పెద్దది. ఓపిక పట్టి చివరిదాకా చదవండి. ఎందుకు రాస్తున్నామో ముందు చెప్తాం.

మొన్న సెలవుల్లో మేము నలుగురైదుగురం కలిసి ఊళ్ళు తిరిగాం. 1/70 భూముల గురించి, కులధృవీకరణ పత్రాల గురించి మాట్లాడుకుంటూ వెళ్తుంటే ఒక ఊళ్ళో డిగ్రీ రెండో ఏడాది చదివే తమ్ముడు పక్కకు పిలిచాడు. వాళ్ళ తాత భూమి గిరిజనేతరుల చేతిలో ఉంది. నాన్న కేసు వేశాడు. వేసిన దగ్గర్నుంచి రాత్రిపూట బండ్ల మీద మనుషులొచ్చి ఇంటి ముందు ఆగి, హారన్ కొట్టి, పేరు పెట్టి తిట్టి వెళ్తున్నారట. "అన్నా, ఆత్మరక్షణ కోసమని తుపాకీ లైసెన్స్ అడగొచ్చా మనం? చట్టంలో ఉందా?" అని అడిగాడు.

పక్కనే అరుగు మీద కూర్చున్న ఒక పెద్దాయన నవ్వాడు. "ఒరేయ్, తుపాకీ మన చేతిలో ఉంటే కేసు, వాళ్ళ చేతిలో ఉంటే లైసెన్సు. అంతే" అన్నాడు. ఆయన ఊరికే అనలేదు. జొన్నచేలో అడివి పందుల కోసం ఉంచుకున్న నాటు తుపాకీ దొరికినందుకు ఏళ్ళ తరబడి కోర్టు చుట్టూ తిరిగిన మనిషి. వాయిదాకి పోయిన ప్రతిసారీ ఒక రోజు కూలి, బస్సు చార్జీ, వకీలు ఫీజు. ఆ చేను ఇప్పుడు లేదు.

తమ్ముడి ప్రశ్నకు ఆ రోజు మా దగ్గర సరైన జవాబు లేదు. వచ్చాక చట్టాలు తిరగేశాం, చరిత్ర చదివాం. చదివే కొద్దీ ఒక విషయం తెలిసింది. పెద్దాయన మాటలో నూట యాభై ఏళ్ళ చరిత్ర ఉంది. కానీ ఆ చరిత్ర ఆయన చెప్పిన చోటే ఆగిపోలేదు. అదే మీతో పంచుకుంటున్నాం.

విల్లంబులు కూడా ఆయుధాల జాబితాలోకి ఎక్కిన రోజు

1857 తిరుగుబాటు తర్వాత తెల్లదొరలకు ఒక భయం పట్టుకుంది. ఈ దేశంలో జనం చేతుల్లో ఆయుధాలుంటే మళ్ళీ లేస్తారని. ఊళ్ళకు ఊళ్ళు సోదా చేసి ఆయుధాలు లాక్కున్నారు. 1860లో ఒక ఆయుధాల చట్టం తెచ్చారు. అది చాలలేదు. వైస్రాయ్ లిట్టన్ కాలంలో 1878లో గట్టి చట్టం తెచ్చారు. అదే ఏడాది దేశభాషల పత్రికల నోరు నొక్కే చట్టం తెచ్చింది కూడా ఈ లిట్టనే.

ఆ 1878 చట్టంలో 'ఆయుధం' అంటే ఏంటో ఒక నిర్వచనం ఉంది. తుపాకులు, బాయినెట్లు, కత్తులు, బాకులు, బల్లేలు, బల్లెం మొనలు, ఫిరంగులు. వీటితో పాటు విల్లంబులు కూడా! అవును, మన తాతలు భుజాన వేసుకుని అడివికి పోయే విల్లు, ఫిరంగితో పాటు ఒకే వాక్యంలో ఉంది. తుపాకీ ఉంచుకోవాలంటే లైసెన్స్ తప్పనిసరి చేశారు. ఏదైనా ప్రాంతాన్ని ప్రభుత్వం ప్రత్యేకంగా ప్రకటిస్తే అక్కడ మిగతా ఆయుధాలకు కూడా లైసెన్స్ ఉండాల్సిందే.

మరి అందరికీ ఇదే రూలా? కాదు. యూరోపియన్లకు, ఆంగ్లో ఇండియన్లకు మినహాయింపు. అంటే తెల్లవాడు తుపాకీ భుజాన వేసుకుని మన అడివిలో పులిని వేటాడొచ్చు, ఫోటో దిగొచ్చు. ఆ అడివిలో పుట్టినవాడు మాత్రం కాగితం చూపించాలి. మొదటి ప్రపంచ యుద్ధం తర్వాత గొడవ పెరిగితే నిబంధనలు మార్చి, జాతి పేరుతో ఇచ్చే మినహాయింపును తగ్గించారు. కానీ దాని స్థానంలో హోదా వచ్చింది. బిరుదులున్నవాళ్ళకి, రాజులకి, పెద్ద పెద్దవాళ్ళకి సౌకర్యం మిగిలింది. రంగు పోయి హోదా వచ్చింది. ఈ రెండింటిలోనూ మన పేరు లేదు.

ఇక్కడ ఒక మాట గుర్తుపెట్టుకోండి. లైసెన్స్ అనే పద్ధతిలో మొదటి నుంచీ అడిగిన ప్రశ్న "ఇతనికి ప్రమాదం ఉందా?" అని కాదు. "ఇతన్ని మేము నమ్మొచ్చా?" అని. ఈ రెండు ప్రశ్నల మధ్య తేడానే మన కథ అంతా.

రంప నుంచి చింతపల్లి దాకా

ఆ చట్టం వచ్చిన మరుసటి ఏడాదే, 1879 మార్చిలో, గోదావరి ఏజెన్సీలో రంప పితూరీ మొదలైంది. ఎందుకు మొదలైంది? కల్లు గీసుకుంటే చిగురు పన్ను. పోలీసుల మామూళ్ళు. మైదానం నుంచి వచ్చిన వ్యాపారులు అప్పు కాగితాలు పట్టుకుని కోర్టు డిక్రీలతో పశువుల్ని, పంటల్ని తోలుకుపోవడం. మన్యం మనుషులకు ఆ కోర్టు భాషే తెలియదు. రక్షణ కోసం ఎక్కడికి పోవాలి? పోలీసు దగ్గరికా? మామూళ్ళు తీసుకునేదే పోలీసు. అందుకే పితూరీ మొదట పోలీసు స్టేషన్ల మీదికే పోయింది.

1922లో మళ్ళీ అదే మన్యం. ఈసారి అడివి చట్టాలు పోడు ఆపేశాయి, గూడెం ఘాట్ రోడ్డు పనిలో కూలి ఎగ్గొట్టారు. అల్లూరి సీతారామరాజుతో కలిసి గాం గంటం దొర, మల్లు దొర, ఇంకా ఎందరో మనవాళ్ళు ఆగస్టు 22న చింతపల్లి, 23న కృష్ణదేవిపేట, 24న రాజవొమ్మంగి పోలీసు స్టేషన్ల మీద పడ్డారు. మూడు చోట్లా కలిపి 26 తుపాకులు, వేల తూటాలు పట్టుకెళ్ళారు. ఏమేం తీసుకెళ్ళారో స్టేషన్ డైరీలో రాసి, కింద సంతకం పెట్టి మరీ వెళ్ళాడని చరిత్రకారులు రాశారు.

ఈ కథ మనందరికీ చిన్నప్పట్నుంచి తెలుసు, బుర్రకథల్లో విన్నాం, సినిమాల్లో చూశాం. కానీ ఒక కోణంలో ఎప్పుడూ చూడలేదు. స్టేషన్‌కే ఎందుకు పోయారు? ఎందుకంటే మన్యంలో తుపాకీ ఉన్న చోటు అదొక్కటే. జనం దగ్గర ఉన్నవి విల్లంబులు, బల్లేలు, కొన్ని నాటు తుపాకులు. చట్టం అంత పక్కాగా పనిచేసింది. 1924 మే 7న రాజును కాల్చి చంపారు. అదే ఏడాది జూన్‌లో గంటం దొర కూడా పడిపోయాడు.

అటు నిజాం రాజ్యంలోనూ అంతే. 1940లో జోడేఘాట్ కొండల్లో కొమురం భీం, అతని గోండు, కోలాం సహచరులు నిజాం పోలీసుల తుపాకులకు ఎదురు నిలబడ్డారు. ఆ తర్వాతే హైమన్‌డార్ఫ్‌ను పిలిపించి గోండుల కష్టాలేంటో విచారించమన్నారు. ఆ తర్వాతే పట్టాలు, గిరిజన ప్రాంతాల రెగ్యులేషన్లు వచ్చాయి. ప్రాణాలు పోయాక కాగితం రావడం మనకు కొత్త కాదు.

పుట్టుకతోనే నేరస్తులన్న ముద్ర

మన ఎరుకల, యానాది అన్నదమ్ముల కథ ఇంకోలా నడిచింది. 1871లో నేరస్థ జాతుల చట్టం వచ్చింది. ఒక తెగలో పుట్టడమే నేరం. 1911 చట్టంతో అది మద్రాసు ప్రెసిడెన్సీకి కూడా వచ్చింది. స్టూవర్టుపురం లాంటి సెటిల్‌మెంట్లలో పెట్టారు. హాజరు వేయించుకోవాలి, ఊరు దాటాలంటే చీటీ కావాలి. 1952 ఆగస్టు 31న ఆ చట్టం దేశమంతటా రద్దయింది. కానీ స్టేషన్ రికార్డుల్లో, పోలీసు మనసుల్లో అది రద్దవడానికి చాలా కాలం పట్టింది. పూర్తిగా పట్టిందా అంటే మీకే తెలుసు.

ఇది ఎందుకు చెప్తున్నామంటే, తుపాకీ లైసెన్స్ దరఖాస్తులో ముఖ్యమైన మెట్టు పోలీసు రిపోర్టు. దరఖాస్తుదారుడి పూర్వాపరాలు విచారించి స్టేషన్ అధికారి రాసి పంపాలి. ఏ స్టేషన్ మన తాతల వేలిముద్రలు తీసుకుందో, ఆ స్టేషనే మన గురించి 'మంచివాడు' అని రాయాలి.

గాంధీ అడిగింది, రాజ్యాంగ సభ కాదన్నది

ఇప్పుడు చాలామందికి తెలియని విషయం. 1930 జనవరిలో గాంధీ బ్రిటిష్ ప్రభుత్వం ముందు 11 డిమాండ్లు పెట్టాడు. ఉప్పు పన్ను రద్దు, భూమి శిస్తు సగానికి తగ్గింపు, మద్యనిషేధం వగైరా. అందులో చివరిది ఏంటో తెలుసా? ప్రజల అదుపుకు లోబడి, ఆత్మరక్షణ కోసం తుపాకీ లైసెన్సులు ఇవ్వాలి అని. అహింస చెప్పిన మనిషే ఈ డిమాండ్ పెట్టాడు. ఎందుకంటే ఆయుధాల చట్టాన్ని ఆ కాలం నాయకులు ఆత్మగౌరవ సమస్యగా చూశారు. 1931 కరాచీ కాంగ్రెస్ తీర్మానంలో కూడా, నియమాలకు లోబడి ఆయుధం ఉంచుకునే హక్కు పౌరులందరికీ ఉంటుందని రాశారు.

మరి స్వతంత్రం వచ్చాక? 1948 డిసెంబర్‌లో రాజ్యాంగ సభలో హెచ్.వి. కామత్ ఈ హక్కును ప్రాథమిక హక్కుల్లో చేర్చాలని సవరణ పెట్టాడు. అంబేడ్కర్ ఒప్పుకోలేదు. మనం పట్టుబట్టాల్సింది ఆయుధం ధరించే హక్కు గురించి కాదు, అవసరమైనప్పుడు దేశం కోసం ఆయుధం పట్టే బాధ్యత గురించి అన్నాడు. సవరణ వీగిపోయింది. రాజ్యాంగంలో 19(1)(బి) కింద మనకు వచ్చిన హక్కు శాంతియుతంగా, ఆయుధాలు లేకుండా సమావేశం అయ్యే హక్కు.

కాబట్టి తమ్ముడి ప్రశ్నకు మొదటి జవాబు ఇదే. మన దేశంలో తుపాకీ ప్రాథమిక హక్కుగా రాజ్యాంగంలో రాసి లేదు. చట్టం ఇచ్చే అనుమతి మాత్రమే. అది ఎవరికైనా అంతే.

1959 చట్టం ఏమంటుంది?

1878 చట్టం స్వతంత్రం వచ్చాక కూడా పదేళ్ళకు పైగా నడిచింది. 1959లో కొత్త ఆయుధాల చట్టం చేశారు. 1962 అక్టోబర్ 1 నుంచి అమల్లోకి వచ్చింది. ఇందులో మనకు సంబంధించిన ముక్కలు విడమర్చి చెప్పుకుందాం.

సెక్షన్ 3: లైసెన్స్ లేకుండా తుపాకీ ఉండకూడదు. నాటు తుపాకీ అయినా తుపాకీయే. 2019 సవరణ తర్వాత దీనికి శిక్ష మామూలుగా రెండేళ్ళకు తగ్గకుండా ఐదేళ్ళ దాకా. 'చేను కోసం ఉంచుకున్నా' అన్న మాట ఒక్కటే కోర్టులో మనల్ని కాపాడదు.

సెక్షన్ 9: 21 ఏళ్ళు నిండాలి. హింసకు సంబంధించిన నేరంలో శిక్ష పడితే, ఆ శిక్ష ముగిశాక ఐదేళ్ళ దాకా కుదరదు. బైండోవర్ బాండ్ మీద ఉన్నవాళ్ళకి ఆ బాండ్ గడువంతా కుదరదు. ఎన్నికలప్పుడు మన కుర్రాళ్ళ మీద బైండోవర్లు పెడితే 'ఏముందిలే' అని సంతకం పెట్టి వచ్చేస్తారు. దాని వెనక ఇలాంటి లెక్కలు కూడా ఉంటాయి, గుర్తుంచుకోండి.

సెక్షన్ 13: ఇదే అసలైనది. రక్షణ కోసం లేదా క్రీడ కోసం 20 అంగుళాలకు తగ్గని గొట్టం ఉన్న నున్నటి బోరు తుపాకీ గానీ, నిజంగా పంట రక్షణ కోసం మందు కూరే తుపాకీ గానీ భారత పౌరుడు అడిగితే లైసెన్స్ ఇవ్వాలి అని ఉంది. వద్దనడానికి సెక్షన్ 14లో చెప్పిన కారణాలు ఉండాలి. పిస్టల్, రివాల్వర్ లాంటి మిగతా వాటికైతే 'సరైన కారణం' ఉందని అధికారి తృప్తి చెందాలి. అంటే 1959లో చట్టం రాసినవాళ్ళకు తెలుసు, పొలం దగ్గర కాపలా ఉండే రైతు చేతిలో ఏముంటుందో. మన పెద్దాయన చేతిలో ఉన్న తుపాకీ లాంటిదానికే చట్టంలో ఒక దారి ఉంది! ఆ దారి ఉందని ఆయనకు ఎవరూ చెప్పలేదు. దొరికాక సెక్షన్ 25 మాత్రం అందరూ చెప్పారు.

సెక్షన్ 14: దీన్ని గోడ మీద రాసుకోవాలి. దరఖాస్తుదారుడికి చాలినంత ఆస్తి లేదు అన్న ఒక్క కారణంతో లైసెన్స్ నిరాకరించకూడదు. స్పష్టంగా రాసి ఉంది. నిరాకరిస్తే కారణాలు రాయాలి. అడిగితే క్లుప్తంగా ఆ కారణాలు ఇవ్వాలి, ప్రజా ప్రయోజనం పేరుతో ఇవ్వలేమంటే తప్ప. సెక్షన్ 18 కింద అప్పీలు చేసుకోవచ్చు. పోలీసు రిపోర్టు గడువులోగా రాకపోతే, దాని కోసం ఇంక ఆగకుండా నిర్ణయం తీసుకునే అధికారం కూడా లైసెన్స్ ఇచ్చే అధికారికి ఉంది.

2016లో కొత్త ఆయుధాల నిబంధనలు వచ్చాయి. అప్పటి నుంచి వృత్తి వల్ల గానీ మరో విధంగా గానీ ప్రాణానికి, ఆస్తికి నిజమైన రక్షణ అవసరం ఉందా అని చూస్తారు. తుపాకీ భద్రంగా వాడే శిక్షణ, ఇంట్లో భద్రంగా దాచే ఏర్పాటు కూడా చూస్తారు. రూళ్ళు ఇలా ఉంటే ఎవరికి సులువు? నగల షాపు వాడికి, కాంట్రాక్టర్‌కి కారణం చూపించడం సులువు. లెక్కల పుస్తకం ఉంటుంది. రాత్రి ఇంటి ముందు హారన్ కొట్టి పోయే బెదిరింపుకి లెక్కల పుస్తకం ఎక్కడిది?

ఆత్మరక్షణ హక్కు వేరు, తుపాకీ లైసెన్స్ వేరు

చాలామంది ఈ రెండింటినీ కలిపేస్తారు. ప్రాణాన్ని, ఒంటిని, ఆస్తిని కాపాడుకునే హక్కు ప్రతి మనిషికీ ఉంది. పాత శిక్షాస్మృతిలో 96 నుంచి 106 సెక్షన్లు. 2024 జూలై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ న్యాయ సంహితలో 34 నుంచి 44. దీనికి లైసెన్స్ అక్కర్లేదు. చేతిలో కర్ర ఉన్నా, గొడ్డలి ఉన్నా, ఏమీ లేకపోయినా ఆ హక్కు ఉంటుంది. కానీ హద్దులున్నాయి. అధికారుల దగ్గరికి పోయే సమయం ఉంటే ఆ హక్కు లేదు. అవసరానికి మించి హాని చేయకూడదు. వాడు పారిపోయాక వెంటపడి కొడితే అది రక్షణ కాదు, పగ.

అడివిలో కూడా ఇలాంటి నియమం ఉంది. 1972 వన్యప్రాణి రక్షణ చట్టం సెక్షన్ 11(2) ప్రకారం తనను గానీ ఇంకొకర్ని గానీ కాపాడుకోవడానికి సదుద్దేశంతో జంతువును చంపినా గాయపరిచినా నేరం కాదు. ఎలుగుబంటి మీద పడితే గొడ్డలి ఎత్తినవాడు నేరస్తుడు కాడు. కానీ చంపిన జంతువు ప్రభుత్వానిది, ఇంటికి తెచ్చుకుంటే కేసు. అదే చట్టం సెక్షన్ 34 ఇంకో మాట కూడా అంటుంది. అభయారణ్యం చుట్టూ పది కిలోమీటర్ల లోపల కొత్త తుపాకీ లైసెన్స్ ఇవ్వాలంటే వన్యప్రాణి విభాగం పెద్ద అధికారి ముందస్తు ఒప్పుదల ఉండాలి. ఇప్పుడు మ్యాప్ తీసి కవ్వాల్, అమ్రాబాద్, పాపికొండలు చూడండి. మన గూడేలు ఎక్కడున్నాయో చూడండి. మనలో ఎంతమంది ఆ పది కిలోమీటర్ల గీత లోపల ఉన్నామో తెలుస్తుంది. 2006 అటవీ హక్కుల చట్టం కూడా భూమి ఇచ్చింది, ఫలసాయం ఇచ్చింది, వేట హక్కు మాత్రం ఇవ్వలేదు. ఇటుకల పండుగ వేట మన సంప్రదాయమని కోర్టులో చెప్తే నిలబడదు. ఇష్టమున్నా లేకున్నా ఇది తెలుసుకుని ఉండాలి.

కొడవలకు ఒక రూలు

కర్ణాటకలో కొడగు ఉంది. అక్కడి కొడవలకు, జమ్మా భూములున్నవాళ్ళకు లైసెన్స్ లేకుండానే తుపాకీ ఉంచుకునే మినహాయింపు ఉంది. 1861లో బ్రిటిష్ వాళ్ళు ఇచ్చారు, స్వతంత్ర భారతం కొనసాగించింది. 2019లో ఇంకో పదేళ్ళు పొడిగించారు. 2021లో కర్ణాటక హైకోర్టు కూడా సమర్థించింది. వాళ్ళకు ఆయుధాన్ని పూజించే పండుగ ఉంది, సంప్రదాయం ఉంది. మాకు వాళ్ళ మీద ఏ అసూయా లేదు. కానీ ప్రశ్న అడగాలి కదా. ఆయుధాన్ని పూజించే సంప్రదాయం మనకు లేదా? తేడా ఎక్కడంటే 1857 తర్వాత తెల్లవాళ్ళు వాళ్ళను నమ్మారు. మనల్ని నమ్మలేదు. ముందే అన్నాం కదా, అసలు ప్రశ్న ప్రమాదం కాదు, నమ్మకం.

చట్టం మన పేరు రాసిన ఒకే ఒక్క చోటు

ఇప్పుడు మేము వెతికి పట్టుకున్న ముఖ్యమైన విషయానికి వచ్చాం.

1985 జూలై 17న కారంచేడులో ఆరుగురు దళితుల్ని చంపారు. 1989లో ఎస్సీ ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం వచ్చింది. చట్టం వచ్చాక కూడా 1991 ఆగస్టు 6న చుండూరులో ఎనిమిది మందిని చంపి కాలవలో పడేశారు. 1995 మార్చి 31న ఆ చట్టానికి నిబంధనలు వచ్చాయి. అందులో నిబంధన 3 చదవండి. అత్యాచారం జరిగే అవకాశం ఉన్న ప్రాంతాలను ప్రభుత్వం గుర్తించాలి. అలా గుర్తించిన చోట ముందు జాగ్రత్తగా ఏమేం చేయాలో వరుసగా రాశారు. మూడోది: అవసరమనుకుంటే ఎస్సీ ఎస్టీలు కానివాళ్ళ, వాళ్ళ బంధువుల, పనివాళ్ళ ఆయుధాల లైసెన్సులు రద్దు చేసి, ఆ ఆయుధాల్ని ప్రభుత్వ ఆయుధాగారంలో జమ చేయించాలి. నాలుగోది: అక్రమ తుపాకులన్నీ స్వాధీనం చేసుకోవాలి. ఐదోది: మనుషుల, ఆస్తుల రక్షణ కోసం అవసరమనుకుంటే ఎస్సీ ఎస్టీలకు ఆయుధాల లైసెన్సులు ఇవ్వాలి.

మళ్ళీ చదవండి. 1878లో విల్లును కూడా ఆయుధమని రాసిన రాజ్యం, 1995లో ఆదివాసీకి తుపాకీ లైసెన్స్ ఇవ్వొచ్చని రాసింది. ఆ మొదటి ప్రశ్న మారింది. 'ఇతన్ని నమ్మొచ్చా' అని కాదు, 'ఇతనికి ప్రమాదం ఉందా' అని అడిగే నిబంధన ఇది.

కానీ రెండు చోట్లా 'అవసరమనుకుంటే' అన్న మాట ఉంది. అనుకోవాల్సింది అధికారులు. మేము తిరిగిన ఏ ఆఫీసులోనూ ఈ నిబంధన పేరు ఎవరి నోటా వినలేదు. మనమూ అడగలేదు. తెలియనిది ఎలా అడుగుతాం?

మన చేతికి తుపాకీ ఇచ్చినప్పుడు ఏం జరిగింది?

ఇక్కడితో ఆపేస్తే సగం నిజమే చెప్పినట్టు. తుపాకీ వస్తే రక్షణ వచ్చేసినట్టేనా?

పక్కనే ఛత్తీస్‌గఢ్ చూద్దాం. 2005 నుంచి సల్వాజుడుం పేరుతో ఊళ్ళు ఖాళీ చేయించారు. వేలమంది సరిహద్దు దాటి మన ఖమ్మం వైపు అడవుల్లోకి వచ్చారు. ఇప్పుడు మనం గొత్తికోయలంటున్నది వాళ్ళనే. అక్కడ మన ఈడు ఆదివాసీ కుర్రాళ్ళని నెలకు 3,000 రూపాయల గౌరవ వేతనం మీద ప్రత్యేక పోలీసు అధికారులుగా తీసుకుని తుపాకులిచ్చారు. 2011 జూలై 5న జస్టిస్ బి. సుదర్శన్ రెడ్డి, జస్టిస్ ఎస్.ఎస్. నిజ్జర్ ధర్మాసనం ఇది రాజ్యాంగంలోని 14, 21 అధికరణలకు విరుద్ధమని తేల్చింది. ఇచ్చిన తుపాకులన్నీ వెనక్కి తీసుకోమంది. ఆ కుర్రాళ్ళ ప్రాణాలకు రక్షణ కల్పించమని కూడా చెప్పింది. ఎందుకు చెప్పాల్సి వచ్చింది? తుపాకీ పట్టినందుకు వాళ్ళు రెండో పక్షానికి గురి అయ్యారు కాబట్టి. ఒకడు ఇన్‌ఫార్మర్ అంటాడు, ఇంకొకడు దళం మనిషంటాడు. రెండు వైపులా రాలింది ఆదివాసీ శవాలే.

1981 ఏప్రిల్ 20న ఇంద్రవెల్లిలో గోండులు సభకు వచ్చారు. భూమి గురించి, వ్యాపారుల మోసం గురించి మాట్లాడుకోవడానికి. పోలీసులు కాల్చారు. ప్రభుత్వం లెక్కే 13 మంది. ఆ రోజు వాళ్ళలో ఎవరి దగ్గరైనా లైసెన్స్ తుపాకీ ఉంటే ఏమయ్యేది? చావులు తగ్గేవా, పెరిగేవా? ఆలోచించండి.

ఇంకొకటి. ఇంట్లో తుపాకీ ఉంటే అది బయటివాడి మీదే పేలుతుందని ఏం లేదు. వేటలో నాటు తుపాకీ గురి తప్పి సొంత మనిషికే తగిలిన కబుర్లు ఏజెన్సీలో మనకు కొత్తవి కావు. సారా తాగిన రాత్రి అన్నదమ్ముల గొడవలో తుపాకీ గోడకు వేలాడుతుంటే ఏమవుతుందో చెప్పనక్కర్లేదు.

అయితే ఏం చేద్దాం?

మేము కూర్చుని మాట్లాడుకున్నాం. అందరం ఒక్క మాట మీదికి రాలేదు. కొందరు లైసెన్స్ కోసం పోరాడాలన్నారు, కొందరు అసలొద్దన్నారు. కానీ వీటి మీద అందరం ఒప్పుకున్నాం.

ఒకటి, నాటు తుపాకీ ఇంట్లో ఉంటే అది రక్షణ కాదు, తలుపు దగ్గర కూర్చున్న కేసు. పెద్దవాళ్ళకు నచ్చజెప్పండి. స్వచ్ఛందంగా అప్పగించే అవకాశం ఇచ్చినప్పుడు ఊరి పెద్దలతో, వీలైతే వకీలుతో కలిసి అప్పగించండి. పంట రక్షణకు నిజంగా కావాలంటే సెక్షన్ 13 కింద దరఖాస్తు పెట్టించండి.

రెండు, బెదిరింపు వచ్చిన ప్రతిసారీ రాసి ఇవ్వండి. తేదీ, సమయం, బండి నంబరు, చూసినవాళ్ళ పేర్లు. రసీదు తీసుకోండి. రేపు లైసెన్స్ అడిగినా, రక్షణ అడిగినా, కోర్టులో ఆత్మరక్షణ అన్నా ఆ కాగితాలే సాక్ష్యం. మనకు లెక్కల పుస్తకం లేదన్నాం కదా, ఇదే మన లెక్కల పుస్తకం.

మూడు, భూమి ఆక్రమణ ఇప్పుడు అత్యాచారాల నిరోధక చట్టం కింద నేరం. బాధితుల్ని, సాక్షుల్ని బెదిరింపుల నుంచి కాపాడే బాధ్యత ఆ చట్టంలో 15ఏ కింద ప్రభుత్వానిదే.

నాలుగు, కలెక్టర్‌కి అర్జీ పెట్టేటప్పుడు నిబంధన 3 పేరు రాయండి. ఐదో అంశం ఒక్కటే కాదు, మూడోది ముందు రాయండి. మా చేతికి తుపాకీ ఇవ్వమనే ముందు, మమ్మల్ని బెదిరించేవాడి చేతిలోది తీసేయమని అడుగుదాం. అందులో ప్రాణాలు పోవు, కేసులు రావు.

ఆ తమ్ముడికి ఇదంతా ఫోన్లో చెప్పాం. చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత, "అన్నా, ముందు నాన్నతో స్టేషన్‌కి పోతా. కాగితం రాయడానికి మీరు రండి" అన్నాడు. వచ్చే సోమవారం మేము ముగ్గురం వెళ్తున్నాం. అర్జీ నకలు ఒకటి మా దగ్గర ఉంచుకుంటాం. మీ ఊళ్ళో ఇలాంటి అవసరం ఉన్నవాళ్ళకు అదే నమూనాగా పనికొస్తుంది. లా చదువుతున్న అన్నలు, అక్కలు ఎవరైనా ఉంటే ముందుకు రండి. అర్జీ రాయడంలో మాకు మీ సాయం కావాలి.

ఆ పెద్దాయనకు కూడా సెక్షన్ 13 చదివి వినిపించాం. ఈసారి నవ్వలేదు. "ఇది అప్పుడే ఎవడైనా చెప్పుంటే చేను ఉండేదిరా" అన్నాడు.

ఇది మీ హాస్టల్లో, మీ గూడెంలో పదిమందికి చదివి వినిపించండి.

జై ఆదివాసి! జోహార్!